‘అద్భుతం’ అన్న తరువాత ఏమనాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పద్యాలో వచన కవితలో రాసి తోటి రచయితలతో పంచుకునేవారి నుంచి ఇటీవల చాలా ఉత్తరాలు వచ్చాయి. అభిప్రాయం ఎలా చెప్పాలి, చెప్పినదాన్ని ఎలా తీసుకోవాలి అన్నదే వాటన్నిటిలోని చర్చ గనుక కొన్నిటిని ఎంచి, ఈ సంచికలో ఒకచోట జవాబిస్తున్నాము. కొందరు తమ పేర్లు వేయవద్దని కోరినందువల్ల అందరి పేర్లూ విడిచిపెట్టాము.

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత ఛందస్సు నేర్చుకుని పద్యాలు కడుతున్నాను. మా వాట్సాప్ బృందంలో ఈ మధ్య పెట్టిన ఆటవెలది ఇది:

ఎండకాలమందు నింటిముంగిట వేప
నీడనిచ్చి మనకు నిదురనిచ్చు
దాని కొమ్మ నేడు దారికోసము కూలె
పక్షులెటకు నింక పయనమౌనొ

‘అద్భుతం’, ‘అమోఘం’ అన్న మాటలు, నమస్కారం బొమ్మలు వరుసగా వచ్చాయి. ఒకరు మాత్రం మొదటి పాదంలో యతి తప్పిందన్నారు. నిజంగా తప్పిందా? ఇటువంటి మెప్పుల వల్ల నేను నేర్చుకునేది ఏమైనా ఉంటుందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం (గురు, లఘువుల గుంపు) మొదటి అక్షరానికీ ఉండవలసిన పొత్తు, తప్పలేదండీ. ఆ గణం మొదట ‘ని’ కనిపించడం వల్ల ఆ మిత్రుడు పొరబడి ఉంటారు. ఆ నకారం ‘కాలమందున్’ చివర ఉన్న ద్రుతానిది, అంటే మాట చివరి ‘న్’ది; అక్కడ మొదలయ్యే మాట ‘ఇంటి’. ఇ, ఈ, ఎ, ఏ, ఋ అనే అచ్చులకు పరస్పరం యతి చెల్లుతుంది కాబట్టి ‘ఎండ’కు ‘ఇంటి’ చక్కగా సరిపోయింది. గణాలు కూడా నాలుగు పాదాల్లోనూ సరిగానే ఉన్నాయి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. కొత్తగా రాసేవారికి ‘అద్భుతం’ అన్న మాట అవసరం లేదని నేను అనను. తన పద్యాన్ని ఎవరో ఒకరు చివరిదాకా చదివారన్న భరోసా లేకపోతే రెండో పద్యం పుట్టదు. అయితే ఆ మాట పద్యంలో ఏ చోటికి చెందుతుందో చెప్పకపోతే, మీరు రేపు రాసే పద్యంలో దేన్ని నిలుపుకోవాలో మీకు తెలియదు. మీ పద్యాన్ని నేను మెచ్చుకోవలసి వస్తే రెండో పాదం దగ్గర ఆగుతాను. వేపచెట్టు చేత నీడ ఇప్పించని కవి లేడు. నిద్ర ఇప్పించడం మాత్రం మీరు చూసి రాసినది. దానికి తోడు నీడ, ఇచ్చి, నిదుర, ఇచ్చు అన్న మాటల కలయికలో నకారం పదే పదే వచ్చి పాదాన్ని నెమ్మదింపజేసింది. మీరు కావాలని చేశారో, యతి కోసం వెతుకుతుంటే దొరికిందో నాకు తెలియదు గాని, ఈ పద్యంలో దాచుకోదగిన పాదం అదే.

సందేహం మూడో పాదంలో వస్తుంది. కొమ్మ విరుగుతుంది, చెట్టు కూలుతుంది. మీరు ‘కొమ్మ’ అని రాసి ‘కూలె’ అన్నారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొమ్మను మాత్రమే కొట్టేశారా, చెట్టునంతా పడగొట్టారా? కొమ్మ ఒక్కటే పోయి ఉంటే పక్షులు పక్క కొమ్మ మీద వాలతాయి కనుక నాలుగో పాదంలోని ప్రశ్నకు బలం లేదు. చెట్టంతా పోయి ఉంటే ‘దాని మొదలు నేడు’ అని మార్చి చూడండి; ‘మొదలు’ మూడు లఘువుల నగణం గనుక ఇక్కడ రావలసిన సూర్యగణమే (మూడు మాత్రల గణం), ఛందస్సుకు ఇబ్బంది లేదు. అప్పుడు రెండో పాదంలో ‘నిదురనిచ్చు’ అన్నది కూడా ‘నిదురనిచ్చె’ కావాలి, ఎందుకంటే ఇప్పుడు ఇచ్చే చెట్టు అక్కడ లేదు. ఒక్క అక్షరం మారితే చెట్టు గతంలోకి వెళ్ళిపోతుంది. ఇందులో ఏది నిజమో చూసినవారు మీరే కాబట్టి, తోటి కవి ముందు మిమ్మల్ని అడగాలి, తరువాతే సవరణ సూచించాలి. అడగకుండా చేసిన సవరణ ఎంత చక్కగా కుదిరినా అది ఆయన ఊహించిన చెట్టు గురించే అవుతుంది.

రెండో పాదంలో ‘మనకు’ అన్నది గణం నిండడానికి వచ్చి కూర్చున్న మాట. ఆ చెట్టు కింద పడుకున్నది ఎవరు? ‘తాతకు’ అనో ‘అవ్వకు’ అనో పెడితే నాలుగు మాత్రల భగణమై సూర్యగణం చెడిపోతుంది. కాబట్టి ఒక్క మాట మార్చడంతో ఇది తేలదు. పాదమంతా విప్పి మళ్ళీ కట్టుకోవాలి. ఆ పని మీదే, సలహా ఇచ్చినవారిది కాదు.

వ్యాకరణం పట్టుగా పాటించేవారు ఇంకొక మాట అంటారు. ‘కూలెన్’ ద్రుతాంతం కాబట్టి దాని తరువాతి పకారం బకారమై ‘కూలెఁ బక్షులెటకు’ అని ఉండాలని. వారు చెప్పేది న్యాయమే. ప, బ లకు మైత్రి ఉంది గనుక యతికీ ఇబ్బంది రాదు. కాని మా అనుభవంలో చాలా బృందాలు ఈ సరళాదేశంతోనే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాయి, చెట్టు కూలిందా కొమ్మ విరిగిందా అన్న ప్రశ్న ఎవరికీ తోచదు. గణాలనూ యతినీ ఇప్పుడు కంప్యూటరు కూడా లెక్కపెట్టి చూపిస్తున్నది. మనుషులు అడగవలసినది మిగిలిన ప్రశ్న.

మీకు ఒక సూచన. ఇకపై పద్యం పెట్టేటప్పుడు మీకు అనుమానం ఉన్న చోటును మీరే చూపి, ‘ఇక్కడ మనకు అన్న మాట ఊరికే వచ్చిందా?’ అని అడగండి. అద్భుతం అనడానికి అలవాటుపడిన మిత్రుడు కూడా అప్పుడు ఆ చోటికి వెళ్ళి చూడక తప్పదు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మా అమ్మ బీడీలు చుడుతుంది. ‘అమ్మ వేళ్ళకు తునికాకు వాసన / నా నోటి ముద్దలోనూ అదే వాసన’ అని ఒక కవిత మొదలుపెట్టి మా సాహిత్య మిత్రులకు పంపాను. వారిలో ఒక పెద్దాయన దాన్ని ‘శ్రమజీవి హస్తాలలో పరిమళించే పత్రగీతం’ అని మార్చి, మొత్తం కవితను తిరగరాసి అందరికీ పంపారు. అందరూ అదే బాగుందన్నారు. ఇప్పుడు ఆ కవిత నాదేనా?
– ఒక విద్యార్థిని, జగిత్యాల

జవాబు: అమ్మా, మీరు పంపిన రెండు పంక్తులే కవిత. పెద్దాయన రాసినదాంట్లో మీ అమ్మగారు లేరు. శ్రమజీవి అంటే చేనేత కార్మికుడు కావచ్చు, రిక్షా తొక్కేవాడు కావచ్చు. తునికాకు వాసన మాత్రం చాట ముందు కూర్చున్న మనిషి వేళ్ళకే ఉంటుంది. ఆ వాసన అన్నం ముద్దలోకి రావడంలో ప్రేమా ఉంది, జబ్బు భయమూ ఉంది, రెండూ చెప్పకుండానే ఉన్నాయి. ‘పరిమళించే’ అన్న మాటతో ఆ భయం కాస్తా ఎగిరిపోయింది. అందరూ పెద్దాయనదే బాగుందన్నారంటే వారు కవితను కాక ఆయన వయసును చదివి ఉంటారు. ఇది మా అభిప్రాయం. కటువుగా ఉంటే ఉండనివ్వండి.

పెద్దవారు దిద్దడం అనే పద్ధతి చెడ్డదని దీని అర్థం కాదు. ఉర్దూలో దాన్ని ఇస్లాహ్ అంటారు; ఉస్తాదు శిష్యుడి షేరును (రెండు పంక్తుల పద్యాన్ని) చూసి మాట మార్చడం ఆ సంప్రదాయంలో చదువులో భాగం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు కవితా గురువుగా హైదరాబాదులో ఉండి, 1905లో అక్కడే కన్నుమూసిన దాగ్ దెహల్వీకి దూరప్రాంతాల నుంచి కూడా శిష్యులు పోస్టులో గజళ్ళు పంపేవారు. వారిలో యువకుడైన ఇక్బాల్ ఒకరు. ఆయన పంజాబు నుంచి పంపిన గజళ్ళను కొంతకాలం దిద్దిన దాగ్, వీటిలో ఇక దిద్దవలసింది పెద్దగా లేదని చెప్పి పంపినట్టు ప్రసిద్ధి. ఆ పద్ధతిలో గమనించవలసిన సంగతులు రెండున్నాయి. దిద్దమని శిష్యుడే అడిగేవాడు. దిద్దిన ప్రతి తిరిగి అతని చేతికే వెళ్ళేది. ఉంచుకుంటాడో కొట్టివేస్తాడో అతని ఇష్టం. మీ విషయంలో మీరు అడగలేదు, దిద్దిన ప్రతి మీకంటే ముందు అందరికీ చేరింది.

పెద్దాయనకు మర్యాదగానే రాయండి: ‘అయ్యా, మీరు సమయం వెచ్చించినందుకు కృతజ్ఞతలు. నేను నా మొదటి ప్రతినే ఉంచుకుంటున్నాను. ఇకపై మార్పులేవైనా తోస్తే ముందు నాకు చెప్పగలరు.’ ఇంతకంటే వివరణ అక్కరలేదు. మీ కవితలో మిగిలిన పంక్తులు మేము చూడలేదు. అవి కూడా ఈ రెండింటిలాగే వేళ్ళ దగ్గరా ముద్ద దగ్గరా ఉన్నాయో లేదో మీరే ఒకసారి చూసుకోండి. కవిత మధ్యలో ‘శ్రమ’, ‘దోపిడి’ వంటి పెద్ద మాటలు మీ అంతట మీరే తెచ్చి ఉంటే, పెద్దాయనకు దారి చూపింది అవే కావచ్చు.

ప్రశ్న: వారానికొకసారి సమస్యాపూరణం చేసే బృందంలో చేరాను. అవధానం చేసే ఉద్దేశం నాకు లేదు. ఎవరో ఇచ్చిన పాదానికి మిగిలిన మూడు పాదాలు అతికించడం వల్ల నా సొంత పద్యం మెరుగుపడుతుందా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మెరుగుపడుతుంది, కాని పూరించడం కన్నా ఇతరుల పూరణలు చదవడం వల్ల ఎక్కువగా. మామూలుగా మీ పద్యాన్నీ మరొకరి పద్యాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చలేము. వస్తువు వేరు, ఛందస్సు వేరు. సమస్యలో అందరికీ ఒకటే పాదం, ఒకటే ఛందస్సు, ఒకటే చిక్కు. అందరికీ తెలిసిన చాటువు తీసుకోండి: ‘కుంజరయూథంబు దోమకుత్తుక జొచ్చెన్’. ఇది కందపద్యంలో నాలుగో పాదం. కుంజర, యూథం, బుదోమ, కుత్తుక, జొచ్చెన్ అని ఐదు గణాలు. మూడోది జగణం (లఘువు, గురువు, లఘువు), చివర గురువు, ‘కుం’కు ‘కు’తో యతి. ప్రాస ‘ంజ’ కాబట్టి పై మూడు పాదాల్లోనూ రెండో అక్షరం జకారం, దాని ముందు నిండు సున్న ఉండక తప్పదు. ఏనుగుల గుంపును దోమ గొంతులోకి పంపడం ఎలాగన్నది చిక్కు. తెనాలి రామకృష్ణుని పేరున చెప్పే పూరణ దాన్ని విరటుని కొలువులో తలదాచుకున్న పాండవుల దురవస్థకు ముడిపెట్టింది. అసాధ్యమైన మాటను ఉన్నదున్నట్టు ఒప్పించే ప్రయత్నం చేయకుండా, అంతటి వింత నిజంగా జరిగిన చోటును భారతంలో వెతికి పట్టుకోవడం అందులోని తెలివి.

ఈ విధంగా పదిమంది ఒకే సమస్యను పదిరకాలుగా విప్పినప్పుడు, మీరు తలపని దారి ఏదో కనిపిస్తుంది. ‘ఇలా నేను రాయలేదే’ అన్న చిన్న అసూయ కలుగుతుంది చూశారూ, అది మంచి గురువు.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. సమస్యలోని అసంబద్ధతను విప్పకుండా, ‘అని పలుకుట తగునా’ అని చేర్చి చేతులు దులుపుకునే పూరణలు వారం వారం వస్తుంటాయి. సమస్య చెప్పినది అబద్ధమని ఒప్పుకోవడమే పూరణ అయితే ఏ సమస్యకైనా అదే జవాబు సరిపోతుంది. మొదటిసారి రాసేవారు అలా రాస్తే మెచ్చుకోండి, ఛందస్సు కుదిరినందుకు. నాలుగోసారి కూడా అలాగే రాస్తే ఆ దారి మూసి ఉందని స్నేహంగా చెప్పండి. క్రమాలంకారంతో సమస్యను ముక్కలుగా విడగొట్టి ఒక్కొక్క ముక్కకూ ఒక ప్రశ్న తగిలించే పద్ధతి కూడా అంతే: బాగా చేస్తే ముచ్చటగా ఉంటుంది, అలవాటైతే విసుగు పుట్టిస్తుంది.

ప్రశ్న: నా నానీలో ఇరవై ఆరు అక్షరాలు ఉన్నాయని, కాబట్టి అది నానీ కాదని మిత్రులు తిప్పికొట్టారు. ఒక్క అక్షరానికి ఇంత పట్టుదల అవసరమా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: నానీకి నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై ఐదు అక్షరాలు అన్న హద్దును 1997లో ఆ ప్రక్రియను మొదలుపెట్టిన ఎన్. గోపిగారే పెట్టారు. ఆ పేరుతో పిలవాలంటే ఆ హద్దులో ఉండాలి; లేదంటే చిన్న కవిత అని పిలవండి, ఎవరూ కాదనరు. అయితే లెక్కపెట్టడంతో మీ మిత్రుల బాధ్యత తీరిపోలేదు. మొదటి రెండు పాదాలు ఒక మాట చెప్పి, చివరి రెండు పాదాలు దాన్ని మలుపు తిప్పాయా లేదా అన్నది వారు చెప్పవలసిన విషయం. ఆ ఒక్క అక్షరం తీసేయడానికి ‘ఒక’ అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి, సాధారణంగా ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారు పోయిన తరువాత ఆయన మీద వరుసగా కవితలు రాశాను. మిత్రులు ‘ధైర్యంగా ఉండండి’, ‘కాలమే మందు’ అని రాశారు. ఒక్కరూ కవిత గురించి మాట్లాడలేదు. వారి మంచితనం తెలుసు గనుక నొప్పించలేను. కాని నాకు కావలసింది అది కాదు.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వారిని తప్పుపట్టలేము. చావు కబురు విన్నవాడు ముందు పరామర్శిస్తాడు. అదే సమయంలో మూడో చరణం పలచబడిందని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? చిక్కేమిటంటే మీరు ఎప్పుడు దుఃఖం పంచుకుంటున్నారో, ఎప్పుడు కవిత చూపిస్తున్నారో చదివేవారికి బయటినుంచి తెలియదు. కాబట్టి ఆ తేడా మీరే చెప్పాలి. ‘ఇది రాసి కొంతకాలమైంది. దీన్ని కవితగా చూసి, ఎక్కడ పట్టు సడలిందో చెప్పండి’ అని ఒక్క వాక్యం ముందు రాయండి. అలా రాయడానికి మనసొప్పలేదంటే ఆ కవితను విమర్శకు పెట్టే వేళ ఇంకా రాలేదని గుర్తు. అప్పటిదాకా దాన్ని ఒకరిద్దరు ఆప్తులకే చూపించండి.

మీరు పంపిన కవితల్లో ఒకదాని గురించి అడగకపోయినా చెబుతాము. నాన్నగారి కళ్ళజోడు గూట్లోనే ఉండిపోయిందన్న చోట మేము ఆగాము. దాని తరువాత ‘ఆయన లేని లోటు తీరనిది’ అన్న పంక్తి వచ్చింది. కళ్ళజోడు ఆ మాట అప్పటికే చెప్పేసింది. ఆ పంక్తిని తీసేసి చదివి చూడండి.

మరొక పాఠకురాలు ఇదే సందర్భంలో, తన విషాద కవితలు చదివి కొందరు పురుషులు విడిగా సందేశాలు పంపుతున్నారని రాశారు. కవిత మీద మాట్లాడదలచినవారు అందరి ముందూ మాట్లాడవచ్చు. విడిగా ఓదార్చవలసిన చనువు మీరు ఇవ్వనప్పుడు జవాబు ఇవ్వనక్కరలేదు. మళ్ళీ వస్తే బృందం నిర్వాహకులకు ఆ సందేశాన్నే చూపండి. ఇందులో సాహిత్య మర్యాద ప్రశ్న ఏమీ లేదు.

ప్రశ్న: మా బృందంలోని మిత్రులు నా కవితలను పుస్తకంగా వేయమని పట్టుబడుతున్నారు. ముందుమాటలు కూడా వారే రాస్తామంటున్నారు. అచ్చు ఖర్చు నాదే. వేయవచ్చునా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: వేయవచ్చు. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం తెలుగులో చిన్నతనమేమీ కాదు. పేరున్న కవుల తొలి పుస్తకాలు కూడా అలా వచ్చినవి ఉన్నాయి. అయితే వేయమన్న మిత్రులను ముందు ఒక పని చేయమనండి. మీ కవితలన్నిటినీ వారికిచ్చి, పుస్తకంలో ఉండకూడనివి ఏవో గుర్తుపెట్టమనండి. వేయమనడం సులభం, తీసేయమనడం కష్టం. ఎవరైతే నిజంగా కూర్చుని మూడో వంతు కవితలకు అడ్డగీత పెట్టి, ఎందుకో పక్కన రాసి తెస్తారో వారి చేత ముందుమాట రాయించుకోండి. ఏదీ తీసేయనక్కరలేదన్నవారికి ఆవిష్కరణ సభలో మొదటి వరుసలో కుర్చీ వేయండి.

తొందర కూడా అక్కరలేదు. శ్రీశ్రీ 1930లలో రాసిన గీతాలతో కూడిన ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. అన్నేళ్ళు ఆగమని మేము చెప్పడం లేదు. వచ్చే ఉగాదికి ఆవిష్కరణ పెట్టుకోవాలన్న ఒత్తిడిలో కవితల వరుస, అచ్చుతప్పులు, అరసున్నలు ఇవేవీ చూసుకోకుండా ప్రెస్సుకు పంపవద్దని మాత్రమే చెబుతున్నాము. ప్రూఫులు మీరు ఒకసారి, మీ కవితలు ఎన్నడూ చదవని మరొకరు ఒకసారి దిద్దాలి. ప్రతులు మొదట తక్కువ సంఖ్యలోనే వేయించండి; అయిపోతే మళ్ళీ వేయించుకోవచ్చు, మిగిలిపోతే మంచం కింద కట్టలుగా పడి ఉంటాయి.